సర్వేయరు గారు ఎంచిన కెమెరా స్టాండు

మీరు చదవబోయేది ఒక మహాగాథ. ఇందులో బంగాళాఖాతం ఉంది, తుఫాను ఉంది, ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని ఒకే కప్పు కింద చేరిన ఊరు ఉంది, ప్రేమ ఉంది, మర్నాడు కూలిపోబోయే కట్టడం ఉంది. నిన్న ఇంతవరకు రాసి, మళ్ళీ చదువుకుంటే నాకే సిగ్గేసింది. నిజానికి ఇది కెమెరా స్టాండు కొన్న కథ. తుఫాను ఉన్నమాట వాస్తవమే గానీ దాని మీద మరీ ఆశలు పెట్టుకోకండి.

పోయిన ఆదివారం గూడూరు దగ్గర కాలవ పక్కన మూతబడిన ఒక పాత బంగళా తలుపు తోయగానే గబ్బిలాల కంపు, తడి సున్నం వాసన కలిసి మొహానికి కొట్టాయి. అలాంటి వాసనకి మామూలు మనుషులు ముక్కు మూసుకుంటారు. నాకు భాస్కరరావు గారు గుర్తొస్తారు. ఆయన దగ్గర ఆ వాసన వచ్చేదని కాదు, పాపం. ఆయన రోజుకి రెండుసార్లు స్నానం చేసి పౌడరు రాసుకునే మనిషి. కానీ పాడుబడ్డ ఇంట్లో ఎలా నిలబడాలో నాకు నేర్పింది ఆయనే.

ఆయన రిటైరైన ప్రభుత్వ సర్వేయరు. గుడివాడలో వాళ్ళ మేడమీద గదిలో నేను అద్దెకుండేవాణ్ణి. రొయ్యల మేత అమ్మే షాపులో బిల్లులు కొట్టడం నా ఉద్యోగం. వీధిలో అందరూ ఆయన్ని మావయ్య గారనే పిలిచేవారు కాబట్టి నేనూ అలాగే పిలిచేవాణ్ణి. దివిసీమ నుంచి బంటుమిల్లి దాకా తాను కొలవని పొలం లేదని ఆయన అంటే, ఆయన కొలిచాక కొట్టుకోని అన్నదమ్ములు లేరని వాళ్ళావిడ నాగరత్నం గారు వంటింట్లోంచి పూర్తి చేసేవారు.

నాకు ఆదివారాలు ఒక పిచ్చి. మనుషులు వదిలేసిన బిల్డింగుల్ని ఫోటోలు తీస్తాను. మనుషుల్ని తీస్తే లావుగా వచ్చామంటారు. పాడుబడ్డ మిల్లు ఇంతవరకు ఆ మాట అనలేదు. ఒక్కటే చిక్కు. వాటిలో కరెంటు ఉండదు. ఆ చీకట్లో ఫోటో రావాలంటే కెమెరా కొన్ని సెకన్లపాటు కన్ను తెరుచుకుని కదలకుండా ఉండాలి. నా చేతులు ఉండవు. అందుకని ఆన్‌లైన్లో చవగ్గా ఒక స్టాండు తెప్పించాను. అది ఎంత తేలికంటే, గదిలో ఫ్యాను వేస్తే చోటు మారేది.

వారం మధ్యలో షాపుకి సెలవొస్తే, ఆదివారం దాకా ఆగలేక దాన్ని మొదటిసారి పట్టుకెళ్ళింది గుడివాడ శివార్లలో మూతబడిన రైసు మిల్లుకి. వాచ్‌మన్ని అడిగే లోపలికెళ్ళి ఆవరణలో నిలబెట్టాను. ఐదు నిమిషాల్లో ముగ్గురు చేరారు, పది నిమిషాల్లో పదకొండు మంది. మా ప్రాంతంలో మూడు కాళ్ళ స్టాండు నేలమీద నిలబెడితే, దానిమీద కెమెరా ఉన్నా గుమ్మడికాయ ఉన్నా జనానికి అర్థమయ్యేది ఒక్కటే, సర్వే వచ్చిందని.

"ఏ నంబరు కొలుస్తున్నారండీ?" అన్నాడు ఒకాయన.

"కొలవట్లేదండీ. ఫోటో తీసుకుంటున్నాను."

"అదేలెండి. పిలిపించింది పెదబాబు గారా, చినబాబు గారా?"

మిల్లు ఇద్దరు అన్నదమ్ముల మధ్య తగాదాలో ఉందని నాకు తెలీదు. పావుగంటలో ఇద్దరూ చెరో బండి మీద వచ్చి, నాకు చెరో పక్కన నిలబడ్డారు. అంతలో చిన్న గాలి వీచింది. స్టాండు కెమెరాతో సహా నమస్కారం చేస్తున్నట్టు ముందుకు పడింది. అన్నదమ్ములిద్దరూ ఒకేసారి నవ్వారు. వాళ్ళు ఒక విషయం మీద ఏకాభిప్రాయానికి రావడం ఆరేళ్ళలో అదే మొదలని వాచ్‌మన్ తర్వాత చెప్పాడు.

ఆ సాయంత్రం ఈ సంగతి చెబితే మావయ్య గారు కళ్ళనీళ్ళొచ్చేదాకా నవ్వి, "ఏదీ, ఆ ఘనకార్యం పైకి పట్రా" అన్నారు. డాబా మీద దాన్ని నిలబెట్టమన్నారు. నిలబెట్టాను. చూపుడువేలితో మెల్లగా తాకారు. అది మళ్ళీ నమస్కరించింది.

"కాళ్ళన్నీ ఒక్కలాగే చాపేశావేంటి అబ్బాయ్? నీళ్ళు ఎటు పోతున్నాయో చూడు. డాబా అటు వాలుంది. పల్లం వైపు రెండు కాళ్ళు, మెరక వైపు ఒకటి. ముందు రెండూ నాటుకో, మూడోదాంతో మట్టం చూసుకో. మధ్యలో ఈ గొట్టాన్ని మెడలా ఎందుకు సాగదీశావు?"

"ఎత్తు కోసమండీ."

"ఎత్తు కాళ్ళతో రావాలిగానీ మెడతో కాదు. సరే, స్టాండుకి మూడే కాళ్ళెందుకో తెలుసా?"

"నాలుగైతే ధర పెరుగుద్దనా అండీ?"

"నాలుగుంటే ఎగుడుదిగుడు నేలమీద ఏదో ఒకటి అబద్ధమాడుద్ది. మూడుంటే అబద్ధమాడ్డానికి కుదరదు."

నేను కాలేజీలో మూడేళ్ళు ఫిజిక్సు చదివాను. అందులో ఈ వాక్యం లేదు.

అసలు సంగతి ఆయన ఆ తర్వాత చెప్పారు. కొత్తగా ఉద్యోగంలో చేరినప్పుడు ఆయన్ని దివిసీమలో వేశారట. ఒక తుఫానుకి, కోడూరు అవతల సముద్రం దగ్గరి ఊళ్ళో షెల్టరు డ్యూటీ పడింది. తలుపు మూసేలోగా లోపలికి ఎవరెవరు వచ్చారో జాబితా రాయాలి. కాగితాలు వానకి ముద్దయిపోయాయి. ఆయన పొయ్యిలోంచి బొగ్గు తీసుకుని, ఇంటింటి వాళ్ళ పేర్లూ వరసగా గోడమీద రాయడం మొదలుపెట్టారు. వేటకెళ్ళే కుటుంబాల ఊరు. అందులో ఒకింటి ఆడపిల్ల తమ గేదెను మెట్లమీదుగా పైకి తోలుకొచ్చి, దాన్నీ జాబితాలో రాయమంది.

"ఇది మనుషుల జాబితా అమ్మాయ్" అన్నారట ఈయన.

"అయితే నన్నూ కొట్టేయండి. కింద దాంతోపాటే ఉంటాను" అందట ఆవిడ.

రాశారు. ఇక్కడ మీరు పెనుగాలులు, ఉప్పెన, వీరోచిత కార్యాలు ఎదురుచూస్తూ ఉండొచ్చు. తుఫాను తెల్లారేసరికి దారి మార్చుకుని ఒడిశా వెళ్ళిపోయింది. జనం పులిహోర తిని ఇళ్ళకి పోయారు. గేదె మాత్రం ఉండిపోయింది. గేదెలు మెట్లెక్కుతాయి గానీ దిగవని ఆ రోజు దాకా ఊళ్ళో ఎవరికీ తట్టలేదు. ఇసుక బస్తాలు, గడ్డిమోపులు పేర్చి, ఎంత వాలైతే అది దిగుతుందో ఈయన కొలిచి లెక్కగట్టి, రెండు రోజులు ఆ ఆడపిల్లతో కలిసి దాన్ని కిందికి దింపారు. దింపేసరికి పెళ్ళి కుదిరిపోయింది. ఆ ఆడపిల్లే నాగరత్నం గారు.

"ఆ షెల్టరు పాతబడిందని కొట్టేస్తున్నారంట. సోమవారం మొదలు" అన్నారు మావయ్య గారు. "మీ అత్తయ్య వాళ్ళ నాన్న, అమ్మ, అన్నలిద్దరూ, ఎవరికీ ఒక్క ఫోటో లేదు. ఇప్పుడు వాళ్ళెవరూ లేరు. వాళ్ళంతా కలిసి ఒకచోట ఉన్నది ఆ గోడమీదే. పోయిన నెల వెళ్ళి సెల్లుతో తీశాను. ఫ్లాష్ వేస్తే తడిగోడ మెరిసిపోయి ఒక్క అక్షరం కనపళ్ళేదు. వెయ్యకపోతే చీకటి. నువ్వు తియ్యగలవా?" అన్నారు.

అది గురువారం. "తీస్తాను గానీ, ఈ స్టాండుతో కాదండీ" అన్నాను.

శుక్రవారం సాయంత్రం ఇద్దరం బందరులో పెళ్ళిళ్ళ ఫోటోగ్రాఫర్లకి సామాన్లమ్మే షాపుకెళ్ళాం. మాకు కావలసినవి మూడే. బస్సులో ఒళ్ళో పెట్టుకోగలగాలి, చీకటి గదిలో కదలకుండా నిలబడాలి, ఆ నెల నేను భోజనం మానకూడదు. షాపతను ముందు వీడియో స్టాండు చూపించాడు. గట్టిదే, గ్యాసుబండంత బరువు. తర్వాత ఒక నల్లటిది తీశాడు, ముట్టుకోగానే ప్రేమ పుట్టేంత అందంగా ఉంది. దాని ధర చెప్పగానే మావయ్య గారు, "ఇది కొంటే నాకు రెండు నెలలు అద్దె ఎవరిస్తారోయ్?" అన్నారు. ప్రేమ అక్కడితో ముగిసింది.

ఇంకో మూడు తీయించి, మూడింటినీ వరసగా నిలబెట్టి, ఎదురు కొట్టు నుంచి ఒక టీ తెప్పించారు మావయ్య గారు. గాజుగ్లాసు. తాగలేదు. మొదటి స్టాండు నెత్తిన పెట్టి, కాలిని గోటితో తట్టి, వంగి టీ వంకే చూస్తూ నిలబడ్డారు.

"ఏంటండీ బాబూ? కెమెరా పెట్టుకోడానికా, టీ కొట్టు పెట్టుకోడానికా?" అన్నాడు షాపతను.

"టీ ఆగితే కెమెరా ఆగుద్ది" అన్నారు ఈయన తలెత్తకుండా.

మొదటిదాని మీద టీ చాలాసేపు వణికింది. రెండోది చూడ్డానికి పొడుగ్గా ఉంది గానీ కాళ్ళకి తిప్పి బిగించే మరలు. "చెమట చేతులకి జారతాయి, బిగిసిందో లేదో కంటికి కనపడదు" అని పక్కన పెట్టించారు. మూడోది దుమ్ము కొట్టుకుపోయి ఉంది. మడతలు ఎక్కువ, కాళ్ళు వెనక్కి తిరగేస్తే మూరెడే అవుతుంది. క్లిప్పు వేస్తే టక్కుమని వినపడుతుంది. కింద బరువు వేలాడదీయడానికి కొక్కెం ఉంది. దానికి సంచి తగిలించి తడితే, టీ ఒక్కసారి ఉలిక్కిపడి ఊరుకుంది.

"ఇది మరీ పొట్టి అండీ, నా ఛాతీ దాకే వస్తోంది" అన్నాను.

"గోడ నీకోసం వంగదుగా. నువ్వు వంగు."

పొట్టిదే కొన్నాం. ధర మధ్యస్థం. అప్పుడు చల్లారిన ఆ టీ తాగి, చక్కెర తక్కువైందన్నారు.

ఆదివారం పొద్దున్నే పామర్రు, చల్లపల్లి మీదుగా అవనిగడ్డకి బస్సు, అక్కణ్ణుంచి ఆటో. షెల్టరుకి తలుపులే లేవు. అయినా మావయ్య గారు ముందు పంచాయతీలో అడిగి, అప్పుడే లోపలికి అడుగుపెట్టనిచ్చారు. "గోడలు పడిపోయినా ఇల్లు ఎవరిదో ఒకరిదే" అన్నారు. పై అంతస్తులో ఉత్తరం గోడమీద, కిటికీలోంచి పడే ఏటవాలు వెలుగులో, బొగ్గు అక్షరాలు బూడిదరంగులో మిగిలున్నాయి. స్టాండు నిలబెట్టాను. మెడ సాగదీయలేదు. సంచి తగిలించాను. మావయ్య గారు ఫ్లాస్కు మూతలో కొంచెం టీ పోసి దానిమీద పెట్టారు.

టీ వణుకుతోంది. ఆగదు. బిగించినవన్నీ మళ్ళీ బిగించాను. అయినా ఆగదు. ఆయన వంగి నేలమీద అరచెయ్యి ఆనించి, నెమ్మదిగా లేచి అన్నారు, "స్టాండు బానే ఉంది. బిల్డింగే ఊగుతోంది."

కిటికీలోంచి చూస్తే, పక్క పొలంలో జేసీబీ రొయ్యల చెరువు తవ్వుతోంది. కిందికెళ్ళి, ఓ పావుగంట ఆపమని డ్రైవర్ని బతిమాలాను. "సాయంత్రానికి గట్టు పూర్తవ్వాలండి. ఓనరు చంపేస్తాడు" అన్నాడు. కిటికీలో వెలుగు అప్పటికే గోడ సగం దాటిపోయింది. రేపు గోడే ఉండదు.

పైకొచ్చి చెప్పాను. మావయ్య గారు మెట్లు దిగి, పొలం మూలనున్న సర్వే రాయి దగ్గరికెళ్ళారు. వంగి, రాయి మీద మట్టి తుడిచి చూశారు. తర్వాత చేతులు వెనక్కి కట్టుకుని, ఒక్కొక్క అడుగూ ఒకే కొలతతో, గట్టు వెంబడి నడక మొదలుపెట్టారు. పదడుగులకోసారి ఆగి, జేబులోంచి బస్సు టికెట్టు తీసి ఏదో రాసుకుంటారు. ముప్ఫై ఏళ్ళు నడిచిన నడక. దాన్ని చూసి తవ్వకం ఆపని డ్రైవరు కృష్ణా జిల్లాలో పుట్టలేదు. ఇంజను ఆగిపోయింది. డ్రైవరు ఫోను తీసి గుసగుసగా, "అన్నా, సర్వే వచ్చింది" అనడం పైదాకా వినపడింది.

టీ నిలిచింది. మూత దించి, కెమెరా బిగించి, వంగి తీశాను. పది సెకన్లు చొప్పున నాలుగు ఫోటోలు. ఊపిరి కూడా బిగబట్టాను, అవసరం లేకపోయినా.

ఓనరు బండి మీద పరిగెత్తుకొచ్చాడు. "అయ్యగారూ, గట్టు ఏమన్నా అవతలికొచ్చిందాండీ?"

"నేను రిటైరై పదకొండేళ్ళయింది బాబూ. ఊరికే నడుస్తున్నాను" అన్నారు మావయ్య గారు నిజాయితీగా. బస్సు టికెట్టు ఒకసారి చూసుకుని, "గట్టు మాత్రం రెండు గజాలు అవతలికే వచ్చింది" అన్నారు.

పెద్ద సైజులో ప్రింటు వేయించి అత్తయ్య గారికి ఇచ్చాను. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని వేలితో ఒక్కో పేరూ తడుముతూ చదివారు. నాన్న దగ్గర ఆగారు, అమ్మ దగ్గర ఆగారు, అన్నల దగ్గర చాలాసేపు ఆగారు. మావయ్య గారు కిటికీలోంచి, ఏమీ లేని వీధిలోకి శ్రద్ధగా చూస్తున్నారు. అప్పుడావిడ తలెత్తి, "గేదె ఒకటి అని రాశారా? దానికి పేరు లేదా? ఆ రాత్రి చీకట్లో నేను చూసుకోనే లేదు" అన్నారు. ఆ పూట ఆయనకి పెసరట్టులోకి అల్లం పచ్చడి పడలేదు. కానీ ఆ రాత్రికే ఫోటో దేవుడి గూటి పక్కన గోడకెక్కింది.

పోయినేడు మావయ్య గారు నిద్రలోనే వెళ్ళిపోయారు. ఫోటో ఇంకా అక్కడే ఉంది. ఎవరొచ్చినా అత్తయ్య గారు తన వాళ్ళని పేరుపేరునా పరిచయం చేస్తారు. నేనిప్పుడు ఏ పాడుబడ్డ ఇంట్లోకెళ్ళినా, కెమెరా తీసే ముందు గోడలు చదువుతాను. పాల లెక్కలు, పిల్లల ఎత్తులు, ఎవరో ఎవరి కోసమో రాసిన ఫోన్ నంబర్లు. వాళ్ళంతా ఎవరో తెలీదు గానీ, వాళ్ళ ముందు వంగడం మాత్రం అలవాటైపోయింది.

సముద్రం దగ్గర వాడిన స్టాండుని అదే రోజు మంచినీళ్ళతో కడిగి, కాళ్ళు పూర్తిగా లాగి ఆరబెట్టాలి. నూనె మాత్రం రాయకండి, ఇసుక అంటుకుంటుంది.