ఎర్రబారని మొక్కలు

తోటలో అందరూ ఆమెను మొవ్వక్క అనేవారు. అనాస మొక్క నడినెత్తిన, ముళ్ళ ఆకుల మధ్య చిన్న గిన్నెలా ఉంటుంది మొవ్వు. అందులోకి పూతమందు పోయడంలో ఆమెకు సాటి లేరు. వీపున డబ్బా, చేతిలో గొట్టం, ఒక్కో మొవ్వుకి ఒక్కో గుక్క. ఆ మందు పడితేనే తోటంతా ఒక్కసారి పూస్తుంది, ఒక్కసారి కాస్తుంది, ఫ్యాక్టరీ అడిగిన వారానికి లారీ ఎక్కుతుంది. నాకు బుద్ధి పుట్టినప్పుడు పూస్తానని మొక్క అంటే కంపెనీ ఒప్పుకోదు. మనుషుల విషయంలోనూ దాని పద్ధతి అదే.

ఆమె ఉండేది కంపెనీ క్వార్టర్లో. ఒక గది, వెనక రేకుల వంటిల్లు. గోడ ఎంత పల్చనంటే పక్కింటివాళ్ళు దగ్గితే మనం గొంతు సవరించుకుంటాం. ఆ గదికి ఒక షరతు ఉంది. ఇంట్లో ఒకరు తోటలో వరుస పట్టి పనిచేస్తున్నన్నాళ్ళే అది వాళ్ళది. మొగుడు పోయాక ఆ గది కప్పు ఆమె నడుం మీదే నిలబడింది. కూతురు కష్టపడి చదివి, పట్నంలో నర్సు ట్రైనింగుకి సీటు తెచ్చుకుంది. వానలు తగ్గాక వెళ్ళి చేరాలి.

"నువ్వు ఆ గేటు దాటేదాకా నాకేం కాకూడదే," అని తల్లి నవ్వుతూ అనేది. అలా అంటుండగానే అయింది. కలుపు తీస్తుంటే ఆకుమొన ఎడమ కంట్లో దిగింది.

కళ్ళకు కట్టుకునే జాలీ అద్దాలు కంపెనీ దగ్గర లేకపోలేదు. స్టోరులో పెట్టెలో, మెత్తటి గుడ్డలో చుట్టి ఉంటాయి. పళ్ళు కొనే పెద్దమనుషులు తోట చూడ్డానికి వచ్చిన రోజు పొద్దున్నే అందరికీ పంచుతారు. ఫోటోలు అయిపోయాక మళ్ళీ లాక్కుని పెట్టెలో సర్దుతారు. "రోజూ వాడితే పాడైపోతాయమ్మా," అంటాడు స్టోరువాడు. కళ్ళ గురించి ఆ మాట అన్నవాడు మాత్రం ఇంతవరకూ లేడు.

మొవ్వక్క అందరితోనూ నలుసు పడిందనే చెప్పింది. కొన్నాళ్ళకు ఎరుపు తగ్గింది. కన్ను చూడ్డానికి బాగానే ఉండేది, చూడ్డమే మానేసింది. కంపెనీ కాంపౌండరు దగ్గరికి వెళ్తే అతను ఆఫీసుకి చెబుతాడు. ఆఫీసువాళ్ళు క్వార్టరు తాళం అడుగుతారు. అప్పుడు కూతురు ఏం చేస్తుందో తల్లికి తెలుసు, అందుకే పళ్ళ బిగువున ఓర్చుకుంది. కూతురు ఎదుట కూర్చుని అన్నం తినడం కూడా తగ్గించింది, నీళ్ళ గ్లాసుకోసం చెయ్యి చాస్తే పక్కకి పోతోందని.

ఇంతలో మందు పోసే రోజు వచ్చింది. ఒంటి కన్నుకి దూరం తెలియడం లేదు. మొవ్వు ఇక్కడుందనుకుంటే అక్కడుంటోంది. ఎడమచేత్తో తడిమి, మొవ్వు అంచున వేలు ఆనించి, అప్పుడు పోసింది. ముళ్ళు గుడ్డ తొడుగుల్లోంచి గుచ్చుకుంటున్నా తడమడం మానలేదు. వరుస సగం ఇలాగే అయింది. అంతలో మేస్త్రీ గట్టు మీంచి కేకలు మొదలుపెట్టాడు.

"మబ్బు కమ్ముకొస్తోంది, కానివ్వండమ్మా! వాన పడితే మందంతా నీళ్ళపాలు!"

ఇక తడుముతూ కూర్చుంటే అందరికంటే వెనకబడుతుంది, వెనకబడితే మేస్త్రీ వచ్చి నిలబడతాడు. కన్ను లేకపోతేనేం, ఇన్నేళ్ళ చేతికి దారి తెలియదా అనుకుంది. చేతిని నమ్ముకుని పోసుకుంటూ పోయింది.

వారాలు గడిచాయి. మందు పడిన మొక్కల నడినెత్తి ఎర్రబారడం మొదలైంది. తోటంతా ఎర్రగా తేలుతోంది. మొవ్వక్క వరుసలో మాత్రం ఎక్కడికక్కడ పచ్చటి మచ్చలు. పక్క వరుస ఆవిడ ముందుగా చూసింది. నోరు ఊరుకోదు కాబట్టి ఆవిడకి రేడియో అని పేరు.

"అక్కా, నీ వరుసేంటి, పేను కొరికిన తలలా ఉంది?"

"పిలకలు మంచివి కావేమో."

"నావీ ఆ బండిలో వచ్చిన పిలకలే. నువ్వు మొవ్వు వదిలేసి ఆకుల మీద పోశావు. నిద్రలో కూడా గురి తప్పవని నేనే ఊరంతా చెప్పుకొచ్చానే!" అని నవ్వబోయి, ఆమె ముఖంలోకి చూసి ఆగిపోయింది. "ఏ కన్ను?"

"ఎడమది."

రేడియో తన వరుస వదిలి, ఆమె ఎడమపక్కకి వచ్చి కలుపు తీయడం మొదలుపెట్టింది.

మేస్త్రీ దుర్మార్గుడేమీ కాదు. అతనూ అదే క్వార్టర్లలో ఉంటాడు, కాకపోతే రెండు గదులు. పచ్చటి మచ్చలు చూసి, మగ్గుతో నీళ్ళు, ఒక గ్లాసు తెచ్చి నిలబడ్డాడు.

"మొవ్వక్కా, ఈ గ్లాసులో పొయ్యి."

పోసింది. నీళ్ళు అతని బూటు మీద పడ్డాయి.

"గ్లాసు కాస్త పెద్దది తెచ్చుకోవాల్సింది మేస్త్రీ గారూ," అంది.

"నేను దాచినా తోట దాస్తుందా చెప్పు. వారం తిరిగేలోగా మీ అమ్మాయిని పనికి పంపు."

"అది చదువుకి పోతోంది."

"పోనీ. గది కూడా పోతుంది."

పోయిన కంటికి కంపెనీ ఏమిస్తుందని అక్కడెవరూ అడగలేదు. కంపెనీకి ఎవర్నివ్వాలో మాత్రం అందరికీ తెలుసు.

ఇంటికెళ్ళేసరికి కబురు ముందే చేరింది. కూతురు గుమ్మంలో నిలబడి ఉంది.

"నాకెందుకు చెప్పలేదమ్మా?"

"చెబితే చూపొస్తుందా?"

"నర్సుని కాబోతున్నాను కదా!"

"అయ్యాక చూపిద్దామనుకున్నా."

కూతురుకి నవ్వొచ్చింది, వెంటనే ఏడుపూ వచ్చింది. తల్లి బట్టల సంచీ తీసి ముందుకు తోసింది.

"నువ్వు బయల్దేరు. నా పాట్లు నేను పడతాను."

"ఎక్కడ పడుకుంటావు?"

"రేడియో వాళ్ళింట్లో."

"బయటి మనిషిని ఉంచుకుంటే వాళ్ళ గదీ లాక్కుంటారు."

"నీ హాస్టల్ వరండాలో."

"అమ్మా!"

తల్లి ఇంకో చోటు చెబుదామని నోరు తెరిచింది. తెలిసిన ఇళ్ళన్నీ మనసులో తిరిగొచ్చింది. అన్నీ కంపెనీ ఇళ్ళే. ముందుకు తోసిన సంచీని మళ్ళీ గోడవారకి జరిపింది.

తోటలో కూతురు మొదటి పని, తల్లి చెయ్యి తప్పిన పచ్చటి మొక్కలకు మళ్ళీ మందు పోయడం. పని చూపించడానికి తల్లిని కాసేపు ఉండనిచ్చారు. డబ్బా పట్టీ ఆమే బిగించింది. కూతురుకి ఏ రోజూ నేర్పకూడదని ఒట్టు పెట్టుకున్న పని, ఇప్పుడు గుక్క తిప్పుకోకుండా నేర్పుతోంది.

"ముఖం ఆకుల మీదికి పోనివ్వకు. పక్కనుంచి వంగు. తొందరపెడితే పెట్టనీ, ముందు చూసుకో."

"సరే."

"కాలేజీ వాళ్ళకి ఏం చెప్పావు?"

"వచ్చే ఏడు వస్తానని చెప్పా."

"ఏమన్నారు?"

కూతురు తల్లి చెప్పినట్టే పక్కనుంచి వంగి, మొదటి మొవ్వులో మందు పోసి, రెండో మొక్క దగ్గరికి నడిచింది.