ఎక్కువైన మూడేళ్లు

అంకమ్మరావు తన చేతుల్ని ఖాళీగా ఉండనివ్వడు. మిరపకల్లంలో ఉంటే కాయలు తిరగేస్తాడు, టీకొట్టు దగ్గరైతే తువ్వాలు మెలిపెడుతూ కూర్చుంటాడు. వెనకటికి కాలవ నీళ్ల గొడవలో పక్క చేని పానకాల్ని అతను పార కర్రతో ఒక్క దెబ్బ కొడితే మనిషి పోయాడు. కింది కోర్టు పదేళ్లు వేసింది. అప్పీలు విన్న హైకోర్టు మాత్రం, ఆవేశంలో కొట్టిన ఒక్క దెబ్బకు పదేళ్లు మరీ ఎక్కువ, అయిదు చాలంది. ఆ మాట వచ్చేసరికే అతను జైల్లో ఎనిమిదేళ్లు గడిపేశాడు. "ఒరేయ్ అంకమ్మరావూ, నీకింకా మూడేళ్లు అడ్వాన్సు ఉందిరా! ఎవణ్ణేసేసినా చెల్లిపోద్ది" అని టీకొట్టంతా రోజూ నవ్వుతుంది. అతనూ నవ్వి, తువ్వాలు ఇంకాస్త బిగిస్తాడు.

మొన్న మిట్టమధ్యాహ్నం పానకాలు తమ్ముడు చినవెంకయ్య కావాలనే గేదెల్ని తోలుకొచ్చి, ఆరబోసిన కాయల మీదుగా నడిపించాడు. ఏడాది పంట గిట్టల కింద పటపటలాడింది. అంకమ్మరావు కర్ర పట్టుకుని లేచాడు. "కొట్టరా! నీ దగ్గర మూడేళ్లున్నాయిగా, నాకు సరిపోతాయో లేదో చూసుకో" అంటూ చినవెంకయ్య తల వంచి నిలబడ్డాడు. చాలాసేపటికి అంకమ్మరావు కర్ర పారేసి, కాయల మధ్యే కూలబడ్డాడు. గేదెలు అతన్ని తప్పుకుని పోయాయి. సాయంత్రం టీకొట్టులో "కోపాన్ని భలే మింగావురా" అని అందరూ మెచ్చుకున్నారు. అంకమ్మరావు తువ్వాలు మెలిపెడుతూ కూర్చున్నాడు. కర్ర పట్టుకున్నంతసేపూ అతనికి కోపమన్నదే రాలేదు. తల మీద కాకుండా కాళ్ల మీద కొడితే మూడేళ్లకు మించి వెయ్యరేమోనని నింపాదిగా ఆలోచించాడు.