తూకం వేసి కొన్న పవర్ సప్లై

2011 అక్టోబరు, ఒక ఆదివారం. హాజరు: నేను, వియ్యంకుడు, కోడలు. (హాజరు వేయనిదే డైరీలో ఏ సంగతీ మొదలుపెట్టలేను. ఉద్యోగం పోయినా ఆ అలవాటు పోలేదు.)

ఆ రోజుల్లో కరెంటు ఎప్పుడొస్తుందో, వచ్చినా ఎంతసేపుంటుందో తెలిసేది కాదు. సకల జనుల సమ్మె నడుస్తోంది. నల్లగండ్లలోని మా ఫ్లాట్‌లో నేను సమైక్యవాదిని. పుప్పాలగూడ నుంచి రోజూ స్కూటర్ మీద వచ్చే వియ్యంకుడు తెలంగాణవాది. మా వాదన కాఫీతో మొదలై భోజనాల దగ్గర ఆగేది. ఆయన కూతురు, అంటే మా కోడలు, పాప పుట్టాక మానేసిన ఉద్యోగం మళ్లీ వెతుక్కుంటోంది. రాయదుర్గంలోని ఒక కంపెనీ పెట్టిన పరీక్ష సోమవారం పొద్దున్నే ఇంటి నుంచి కంప్యూటర్లో రాయాలి. (మా అబ్బాయి లాప్‌టాప్‌తో సహా ఆఫీసు పని మీద పుణే వెళ్లాడు.) సరిగ్గా శనివారం కరెంటు పోతూ వస్తూ మా చవక కంప్యూటర్లోని పవర్ సప్లైని, అంటే దానికి కరెంటు అందించే ఇనప డబ్బాను, కాల్చేసింది.

"గ్యాప్ చూసి ఎవ్వరు పిలుస్తలేరు మామయ్యా. వీళ్లొక్కళ్లే పిలిచిండ్రు" అంది కోడలు.

నేనూ వియ్యంకుడూ కంప్యూటర్ సామాన్ల కొట్టుకు వెళ్లాం. నేను తూనికలు కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరుగా రిటైరైనవాణ్ణి. మంచి పవర్ సప్లైలో రాగీ అల్యూమినియమూ ఎక్కువ కాబట్టి బరువుంటుందని ఎక్కడో విన్నాను. ఇంక నాకు వేరే శాస్త్రం దేనికి? సంచిలోంచి స్ప్రింగు త్రాసు తీసి ఒక్కొక్క డబ్బానే కొక్కేనికి తగిలించాను.

"ఏంది బావా, మనం కొనేది వంకాయలా?" అన్నాడు వియ్యంకుడు. "జర గ్యారంటీ ఉన్నది తీసుకో. బర్వు లేకుండ అల్కగుంటే ఏమాయె?"

"బరువు అబద్ధం చెప్పదండీ బావగారూ" అన్నాను. ఎన్నడూ పేరు వినని కంపెనీది, అన్నిటికన్నా బరువైనది గెలిచింది.

సాయంత్రం బిగించాం. కంప్యూటర్ వెలిగింది, ఆరిపోయింది. మళ్లీ వెలిగింది, మళ్లీ ఆరిపోయింది. వియ్యంకుడు డబ్బా విప్పాడు. రాగి ఉండవలసిన చోట పిడికెడంత ఇనపముక్క జిగురుతో అంటించి ఉంది. త్రాసు పళ్లెం అడుగున చింతపండు అంటించిన వర్తకుల్ని ఎందరినో పట్టుకున్న నేను, ఏరి కోరి చింతపండే కొనుక్కొచ్చాను.

ఆయన నవ్వలేదు. దాంతో నాకు మరీ దిగులేసింది. కొట్లు మూసేశారు, మర్నాడు బంద్. కోడలు పాపకు అన్నం కలపడానికి వెళ్లింది.

మర్నాడు తెల్లవారగానే వియ్యంకుడు వచ్చాడు. సంచిలో, తన ఇంటి కంప్యూటర్‌ నుంచి విప్పిన పవర్ సప్లై. ఇంటర్నెట్ లేని ఆ కంప్యూటర్లోనే ఆయన ఉద్యమం కరపత్రాలు టైపు చేసేవాడు.

"మరి మీ కరపత్రాలండీ?"

"సకల జనుల సమ్మె గద బావా. మా కంప్యూటర్ గూడ ఇయ్యాల సమ్మెల ఉన్నది."

కోడలు పరీక్షకు కూర్చుంది. మేమిద్దరం బయట మెట్ల మీద కూర్చున్నాం. విడిపోవాలా, కలిసుండాలా అని వాదించుకోవడానికి అంత తీరిక మాకు ఎన్నడూ దొరకలేదు. కానీ ఆయన గొంతు సవరించుకుంటే నేను మూతి మీద వేలు పెట్టి చూపించాను. నేను నోరు తెరిస్తే ఆయన నా మోకాలి మీద చెయ్యి వేశాడు. ఆ ఇద్దరు పెద్దమనుషుల్ని తలుచుకుంటే ఇప్పటికీ నాకు నవ్వొస్తుంది. కోడలు తలుపు తీసి "మంచిగ రాసిన" అనేదాకా, లోపల కీబోర్డు టకటకలు ఎక్కడ ఆగిపోతాయోనని వింటూనే ఉన్నాం.