హెప్సిబా చాపమీది కొలత

"అమ్మా, నువ్వెప్పుడన్నా ఒక్క చేపనైనా పట్టావా?"

గుడివాడ గోవర్ధనరావు మచిలీపట్నంలో హెప్సిబా దుకాణం గుమ్మంలో నిలబడి అడిగిన మొదటి మాట ఇది. పట్టలేదు. పడవెక్కితే ఆవిడకి వాంతులు. ఆ సంగతి ఏనాడూ దాచుకోలేదు.

"పట్టలేదండీ. మీరు కూర్చోండి."

"కుర్చీ ఏదీ?"

"కుర్చీలో కాదండీ, కింద."

ఒకప్పుడు వలలూ తాళ్లూ అమ్మిన ఆ దుకాణంలో ఇప్పుడు గేలం వేసే రాడ్లు, వాటికి బిగించే దారం చుట్టిన రీళ్లు అమ్ముతుంది హెప్సిబా. సముద్రం మన కన్నతల్లి అని మైకు పట్టుకునేవాళ్లకి బందరులో కొదవలేదు. ఆవిడకి మాత్రం సముద్రమంటే రీళ్లకి తుప్పు పట్టించే ఉప్పు. మహిళా దినోత్సవం నాడు ఎవరో కప్పిన శాలువాతో ఆ ఉప్పే తుడుస్తుంది.

ఈమధ్య కయాక్‌ల వాళ్లు వస్తున్నారు. కయాక్ అంటే కాళ్లు చాపుకుని కూర్చుని తెడ్డేసుకునే ఒంటిమనిషి పడవ. వచ్చినవాడు ఎంతటివాడైనా సరే, రెండు గోనెమూటల మధ్య పరిచిన చాపమీద కాళ్లు చాపి కూర్చోవలసిందే. ఫ్యానుకి తగలకుండా రాడ్డు విసిరి చూపించాలి. తర్వాత రాడ్డుకి రీలు బిగించి, రీలుకి కాస్త ముందు తన వేలిమీద తక్కెడ కాడలా అడ్డంగా నిలబెడుతుంది. కొస వాలితే రీలు మరీ తేలిక, పిడి వాలితే మరీ బరువు. వేలిమీద నిలవని జత అమ్మదు.

గోవర్ధనరావు ధాన్యం వ్యాపారి. ఏది కొన్నా అందులో పెద్దది కొంటాడు. తన చేపల చెరువు గట్టున వాడే పన్నెండడుగుల రాడ్డు, దానికి కొబ్బరిబోండాం అంత రీలు తగిలించి వెంట తెచ్చాడు.

"ఇలాంటివి పది సెట్లు తెప్పించు. నేనూ, మా ఫ్రెండ్స్ తొమ్మిదిమందీ కయాక్‌లు కొన్నాం."

పది సెట్లంటే హెప్సిబాకి మూడు నెలల బేరం. ఆయన విసిరాడు. ఫ్యాను రెక్క వంగింది.

"ఇది ఒడ్డున నిలబడి విసిరేదండీ. కూర్చునేవాళ్లకి ఏడడుగులు చాలు. రీలు ఇందులో సగం."

"సగమా! మావాళ్ల ముందు నా పరువేం కాను?"

"దీంతో వెళ్తే నీళ్లలో పడతారండీ."

"పడితే పదీ నువ్వు చెప్పినవే కొంటా. పడకపోతే విజయవాడలో కొనుక్కుంటా. నువ్వే వచ్చి చూడు."

బేరం పోకుండా ఉండాలంటే వెళ్లక తప్పదు. శనివారం పొద్దున్నే నిమ్మకాయ ముక్కుకి ఆనించుకుని నాగాయలంకలో మేనమామ మోషే పడవెక్కింది. తను చెప్పిన సెట్టు కూడా ఒకటి వెంట తెచ్చుకుంది. ముందు గోవర్ధనరావు కయాక్, వెనక వీళ్లు. మడచెట్ల మధ్య పాయలోకి వెళ్లారు.

"అమ్మాయ్, కక్కితే అటువైపు కక్కు," అన్నాడు మోషే.

నిజం చెప్పాలి, ఆయన మొదటి విసురు బ్రహ్మాండంగా వెళ్లింది. "చూశావా!" అని అరిచాడు కూడా. కాసేపటికి పండుగప్ప తగిలింది. బేరం విజయవాడ పోయినట్టే అనుకుంది హెప్సిబా. ఆయన రీలు తిప్పుతూ చేపని దగ్గరికి తెచ్చాడు గాని, రాడ్డు కొస పన్నెండడుగుల అవతల ఉంది. చేప ఆ కొస కింద తిరుగుతోంది, చేతికందదు. చెరువు గట్టున అయితే ఏం చేస్తారు? రెండడుగులు వెనక్కి నడిచి చేపని గట్టుమీదికి లాగుతారు. ఇరవై ఏళ్ల అలవాటు. ఆయన వెనక్కి నడవడానికి లేచాడు.

కయాక్‌లో వెనక్కి ఒక్క అడుగు కూడా లేదు.

పోటు తీసిన వేళ కాబట్టి మునగలేదు. నడుము దాకా బురదలో దిగబడ్డాడు. రాడ్డు మాత్రం జెండాకర్రలా నిటారుగా పట్టుకునే ఉన్నాడు.

"చేప ఉందాండీ?" అడిగాడు మోషే.

"ముందు నన్ను లాగవయ్యా!"

హెప్సిబా నవ్వుతూనే వాంతి చేసుకుంది.

తడిబట్టలతోనే ఆయన హెప్సిబా సెట్టు తీసుకుని మళ్లీ కయాక్ ఎక్కాడు. గంట తర్వాత, కూర్చున్నచోటు నుంచి కదలకుండా, ముప్పావు కిలో పండుగప్పని ఒళ్లోకి లాక్కున్నాడు. ఒడ్డుకి రాకముందే గుడివాడకి ఫోన్లు వెళ్లాయి. ఫోన్లో అది రెండు కిలోలు. "ఏడడుగులు చాలని ఆవిడకి నేనే చెప్పా బావా," అంటున్నాడు. హెప్సిబా మళ్లీ నిమ్మకాయ వాసన చూసింది.

వారం తిరిగేలోగా తొమ్మిదిమందీ వచ్చి చాపమీద కాళ్లు చాపుకుని కూర్చున్నారు. వాళ్ల తొమ్మిది సెట్ల డబ్బూ ఆ రోజే చేతికొచ్చింది. గోవర్ధనరావు సెట్టుకి నాలుగు వేల రెండు వందలు ఇంకా రావాలి.