క్యాబేజీ నారు పక్కన నెయ్యి సీసా

ఆ రోజుల్లో దేవుణ్ణి తప్ప ఎవరినీ నమ్మేదాన్ని కాదు. ఫిజీకి స్వాతంత్ర్యం వచ్చి పాతికేళ్ళు దాటింది. బడి గడప తొక్కకుండా అమ్మ దగ్గరే అక్షరాలు దిద్దుకున్న నాకు, లౌతోకాలో ఒక కాలేజీ ప్రయోగశాలలో గాజుసామాను కడిగే పని దొరికింది. (సర్టిఫికెట్ అడగని పని అదొక్కటే, అంతా స్వామి దయ.) అక్కడి మాస్టరు మన తెలుగువాళ్ళ మనవడే. చలి ఎరగని ఊళ్ళో కూర్చుని, మొక్కలు చలికి ఎలా తట్టుకుంటాయో చూస్తాడట. ఆకులు తుంచి, తెల్లటి పొగలు కక్కే గిన్నెలో వేసి నూరేవాడు. ఇది చదువు కాదు, చేతబడేనని తేల్చుకుని నేను రామనామం జపిస్తూ సీసాలు తోమేదాన్ని.

క్యాబేజీ నారు వచ్చాక ఆ అనుమానం ముదిరింది. రెండు ట్రేలు. ఒకదాన్ని వారం రోజులు ఫ్రిజ్‌లో ఉంచి, ఆ తర్వాత గడ్డకట్టించే పెట్టెలో పెడతాడు. రెండోదాన్ని కిటికీ దగ్గర వెచ్చగా పెంచి, అదే రోజు నేరుగా ఆ పెట్టెలోకి తోస్తాడు. ఒకే గింజల పిల్లల మధ్య ఈ పక్షపాతం ఏమిటి? పసిబిడ్డకు నీళ్ళు పోసేటప్పుడు అమ్మ ముందు పాదాలు తడిపి, తర్వాతే తలదాకా వచ్చేది. అంచేత రోజూ సాయంత్రం మాస్టరు వెళ్ళగానే కిటికీ ట్రేని ఫ్రిజ్ కింది అరలో, గుడి దీపానికని కొని దాచుకున్న నా నెయ్యి సీసా పక్కన పెట్టి, పొద్దున ఆయన రాకముందే తిరిగి కిటికీకి చేర్చేదాన్ని.

పరీక్ష రోజు వచ్చింది. పెట్టెలోంచి తీసి కరగనిచ్చాక, ఉడికిన తోటకూరలా వాలిపోవాల్సిన కిటికీ నారు కూడా నిటారుగా నిలబడింది. మాస్టరు పెట్టెను అనుమానించాడు, గింజల కొట్టువాణ్ణి అనుమానించాడు, చివరికి తాళాలు తన దగ్గర ఉండే కావలి కాకా మీద పడ్డాడు. (కాకా ఈ నేల మనిషి, కాయ్‌వీతీ, మన హిందీ నాకంటే బాగా మాట్లాడేవాడు.) యంగోనా వేరు కలిపిన మత్తునీళ్ళు తాగి ట్రేలు మార్చేశావని, ఆఫీసుకు రాసి పని తీయిస్తానని అన్నాడు.

"హమ్ నహీ ఛువా, మాస్టర్," తాను ముట్టలేదని చెప్పి కాకా తల వంచుకున్నాడు.

నోరు విప్పితే నా పని పోతుంది. విప్పకపోతే ఆయనది పోతుంది.

"నేనే రోజూ రాత్రి ఆ ట్రేని ఫ్రిజ్‌లో పెట్టినాను మాస్టర్‌జీ. ఒక్కసారే చలిలో తోస్తే పాపం కదా."

మాస్టరు వెళ్ళి ఫ్రిజ్‌లోంచి నెయ్యి సీసా తెచ్చాడు. "ఇది నీదేనా? ఎవరి కెమికలో అని వారం నుంచి భయపడి ముట్టలేదు."

అనుమానంలో నాకు తోడు దొరికింది.

"చూడు, గట్టిపడింది. ఆకులో కణానికి చుట్టూ ఉండే పొర కూడా కొవ్వే. చలికి బిగుస్తాది. అది బిగుస్తే కాల్షియం లోపలికి ఉరుకుతాది, పడుకున్న జీన్స్‌ని లేపుతాది. అవి చక్కెర, ప్రోటీన్ చేయిస్తాయి, పొరని నూనెలాగ మెత్తగ చేస్తాయి. దానికి టైమ్ కావాల. రోజూ నువ్వు టైమ్ ఇచ్చినావు."

మర్నాడు మాస్టరు యంగోనా వేళ్ళ కట్ట తెచ్చి, కాకా ముందు నేలమీద కూర్చుని, రెండు చేతులా ఇచ్చి క్షమించమన్నాడు. కాకా పుచ్చుకుని, క్షమించానన్నట్టు వాళ్ళ ఆచారం ప్రకారం మూడుసార్లు చప్పట్లు కొట్టాడు. ప్రయోగం మళ్ళీ మొదలైంది. ఈసారి ట్రేలు మూడు. మూడోది నా చేతికిచ్చి, నీకు తోచినట్టే చెయ్యి, కానీ చెప్పి చెయ్యి అన్నాడు.

ఇప్పుడు మా ఇంట్లోనూ ఫ్రిజ్ ఉంది. పొద్దున దీపానికి గడ్డకట్టిన నెయ్యి తీస్తూ, ఆకు లోపల ఇంత మేలుకొలుపు అమర్చిన స్వామికీ, నన్ను పనిలోంచి తీసేయని ఆ మాస్టరుకీ దండం పెట్టుకుంటాను. ఆ పొగ గిన్నెలో ఉండేది మనం పీల్చే గాలిలోని నత్రజనేనని, విపరీతమైన చలికి నీళ్ళలా మారిందని కూడా ఆయన అప్పుడే విడమరిచి చెప్పాడు. అది మాత్రం నేనింకా పూర్తిగా నమ్మలేదు.