రాయి పట్టుకున్న చిప్ప

సిద్దిపేటలో సముద్రం ఉన్న ఇల్లు మాదే. గొప్పకు చెప్పడం లేదు, ఉన్నమాట. కాకినాడలో పుట్టి ఈ ఊరికి కోడలిగా వచ్చినదాన్ని. సముద్రం లేకుండా ఉండలేనని పెళ్లికి ముందే చెప్పాను. హాల్లో గోడ పొడవునా గాజు తొట్టి కట్టించుకుని, ఉప్పునీళ్లు కలిపి, పగడాలు పెంచాను. మా ఆయనది ఇన్వర్టర్ల దుకాణం కాబట్టి కరెంటు సంగతి తను చూసుకుంటానన్నారు.

పగడాలు నిలదొక్కుకున్నాక జెయింట్ క్లామ్ తెచ్చాను. ఆల్చిప్పల్లో అది మహారాణి. పెద్దదైతే మనిషి ఎత్తలేనంత అవుతుందట కానీ, నాది అరచేతిలో పట్టే రకం. తెరుచుకుంటే నెమలికంఠం రంగు కుచ్చిళ్లు అంచు దాటి బయటికి పరుచుకుంటాయి. ఆ కుచ్చిళ్లలో కంటికి కనపడని నాచు ఉంటుంది. అది వెలుతురుతో వండి పెడుతుంది, చిప్ప తింటుంది. వెలుతురు లేకపోతే దానికి పస్తే.

మా అత్తయ్య కళ్లజోడు సర్దుకుని తొట్టిలోకి తొంగి చూసింది.

"సముద్రంల కెల్లి పట్టుకొచ్చినవా?"

"లేదత్తయ్యా, ఇది సముద్రం మొహమే చూడలేదు. పెంపకం తొట్టిలో పుట్టింది."

"గట్లయితే నా లెక్కనే" అంది. ఆవిడా అప్పటికి సముద్రం చూడలేదు.

కొత్తగా పెంచేవాళ్లు దీన్ని తెచ్చీ తేగానే లైటు కిందికి, అన్నిటికన్నా పై రాయి మీద కూర్చోబెడతారు. రెండు రోజులకల్లా అది దొర్లి కింద పడుతుంది. నేను అలాంటి పని చెయ్యలేదు. టూత్‌బ్రష్‌తో పెంకు తోమి, దాని రక్తం పీల్చే బుల్లి నత్తలేవీ లేవని చూసుకుని, అడుగున ఇసుకలో ఒక పలకరాయి వేసి దానిమీద పెట్టాను. పెట్టి ఊరుకున్నాను. ఈ పనిలో సగం విద్య ఊరుకోవడమే. కొన్నాళ్లకు చిప్ప తన కాలి నుంచి సన్నటి దారాలు దింపి రాయిని పట్టుకుంది. అప్పటినుంచి రాయితో సహా మెల్లమెల్లగా పైకి జరుపుతూ వచ్చాను. ఒకసారి పట్టు చిక్కాక చిప్పను మాత్రం పట్టుకుని లాగకూడదు. దారాలతో పాటు కాలు ఊడి వస్తుంది, ఇక బతకదు. ఈ మాట ఇంటికి వచ్చిన ప్రతివాళ్లకూ చెప్పేదాన్ని.

"సాలు తియ్యి, అయ్యగారు మంత్రం చదివినట్టు చదువుతున్నవ్" అనేది అత్తయ్య.

అంతలో తెలంగాణ కోసం సకల జనుల సమ్మె వచ్చింది. బొగ్గు గనులు కూడా ఆగాయి. కరెంటు ఎప్పుడు వస్తుందో, ఎప్పుడు పోతుందో ఎవరికీ తెలియదు. ఇన్వర్టరు నీటి మోటార్లను లాగింది గానీ పెద్ద లైటును లాగలేకపోయింది. పగడాలు ఓర్చుకున్నాయి. చిప్ప ఓర్చుకోలేదు. కుచ్చిళ్లు లోపలికి ముడుచుకుని, రంగు పాలిపోవడం మొదలైంది. ఇలాగే ఉంటే చచ్చిపోతుందని నాకు అర్థమైంది. మా ఆయన ఎంత పెద్ద బ్యాటరీ తెస్తానన్నా నేను వద్దన్నాను. సిద్దిపేటలో కరెంటుకు కరువేమో గానీ ఎండకు కరువా?

డాబా మీద ప్లాస్టిక్ టబ్బులో తొట్టి నీళ్లు పోసి, రాయితో సహా చిప్పను దించాను. నీళ్లు వేడెక్కకుండా ఆ టబ్బును చన్నీళ్లున్న ఇంకో పెద్ద టబ్బులో కూర్చోబెట్టాను. బ్యాటరీతో నడిచే గాలి మోటారు పెట్టాను. పైన పాత వాయిల్ చీరను మడతలు వేసి పందిరి కట్టాను. కొన్నాళ్లకొక మడత విప్పాలి. ఒక్కసారిగా ఎండ తగిలితే కుచ్చిళ్లు కాలిపోతాయి.

"పసిగుడ్డును ఎండకు సూపెట్టినట్టు సూపెడుతున్నవ్ గదనే" అని నవ్వింది అత్తయ్య. పొద్దున్నే దీక్షా శిబిరానికి వెళ్లి, మధ్యాహ్నం వచ్చి, మొదట డాబా ఎక్కేది. నేనూ శిబిరంలో కూర్చున్నాను. నా యాస విని ఎవరైనా తిరిగి చూస్తే, వాళ్లు అడగకముందే "మాది కాకినాడండీ, అత్తారిల్లు ఇక్కడే" అనేదాన్ని. దాచుకునే అలవాటు నాకు లేదు.

ఒకరోజు ఎదురింటావిడ మా వాకిట్లో కూర్చుని, నేను వింటుండగానే అత్తయ్యను అడిగింది.

"అక్కా, రేపు తెలంగాణ వస్తే మీ కోడలు ఏడికి పోతది?"

నవ్వుతూనే అడిగింది. అత్తయ్య బియ్యంలో రాళ్లు ఏరుతోంది. ఏరుతూనే ఉంది. ఊళ్లో వాళ్లు ఏమన్నా నాకు లెక్కలేదు. అత్తయ్య ఏమీ అనకపోవడం మాత్రం గుచ్చుకుంది. ఆ పూట నేను అన్నం సరిగా తినలేదు.

తర్వాత కొద్దిరోజులకు మా ఆయన కుకునూరుపల్లిలో బ్యాటరీలు బిగించడానికి వెళ్తే నేను దుకాణంలో కూర్చున్నాను. ఉన్నట్టుండి మబ్బు పట్టి వాన దంచి కొట్టింది. టబ్బులో వాననీళ్లు నిండితే ఉప్పు పలచబడి చిప్ప దక్కదు. షట్టరు లాగేసి తడుస్తూ పరుగెత్తాను. డాబా ఎక్కి చూస్తే చీర పందిరి కూలిపోయి ఉంది, టబ్బులో చిప్ప లేదు.

కిందికి దిగితే వంటింట్లో అత్తయ్య, ఎదురింటావిడ ఒక పెద్ద స్టీలు గంజు ముందు కూర్చుని ఉన్నారు. గంజులో ఉప్పునీళ్లు, అందులో పలకరాయి, రాయి మీద నా చిప్ప. నన్ను చూడగానే ఎదురింటావిడ ఎర్రగా కందిన చెయ్యి చాపి చూపించింది.

"సూడమ్మా, మీ అత్త ఎట్ల సరిసిందో! రాయి బరువున్నదని చిప్పొక్కటే తీద్దామని పట్టిన, గంతే."

"సరవనా మరి? పట్టుకున్నదాన్ని గుంజితే సస్తదని మా కోడలు ఎన్నిసార్లు చెప్పింది!" అంది అత్తయ్య. ఎదురింటావిడ వైపు తిరిగింది. "మొన్న ఒక మాటడిగినవ్ గద, తెలంగాణ వస్తే నా కోడలు ఏడికి పోతదని. గప్పుడు నాకు కోపమొచ్చి నోరు మూసుకున్న. గిప్పుడు చెప్తున్న, విను. గీ ఇల్లు ఆమె పట్టుకున్న రాయి. గుంజెటోళ్ల చెయ్యి గిట్లనే ఎర్రగైతది."

"అమ్మో, నాకు సరిపోయింది అక్కా" అంటూ ఎదురింటావిడ చెయ్యి వెనక్కి తీసుకుంది.

నాకు ఏడుపొచ్చింది. ఆపుకోలేదు, అక్కడే నిలబడి ఏడ్చాను. "నువ్వేందే, తడిసి నిలబడ్డవ్? తల తుడుసుకొని నీళ్లల్ల ఉప్పు సూడు పో" అని కసిరింది అత్తయ్య. కొలిచి చూశాను. సరిగ్గానే ఉంది.

చిప్ప బతికింది. రాష్ట్రం వచ్చింది. ఇద్దరం తొట్టి పక్కనే కూర్చుని టీవీలో ఆ సంబరం చూశాం. ఇప్పటికీ మా ఇంటికి కొత్తవాళ్లెవరైనా వచ్చి తొట్టి దగ్గర నిలబడితే, నాకన్నా ముందు ఎదురింటావిడే అందుకుంటుంది.

"సూడున్రి గని గుంజకున్రి. అది గీడిదే."