పరీక్షకుడి దర్శనం

మిర్చి రైతులు ఏం చూసి కోల్డ్ స్టోరేజీలను నమ్ముతారన్నది మేనేజ్‌మెంట్‌లో నా పీహెచ్‌డీ విషయం. గుంటూరు చుట్టుపక్కల ఏళ్ల తరబడి తిరిగి, ఘాటుకు తుమ్ముతూ రాశాను. వైవాకు వేరే యూనివర్సిటీ నుంచి వచ్చిన పరీక్షకుడు ముందు సింగరాయకొండ స్వామి దర్శనం కావాలన్నారు. కారు నేనే మాట్లాడాను. దారి పొడుగునా ఆయన వెనకసీట్లో నా థీసిస్‌ను దిండులా పెట్టుకుని నిద్రపోయారు.

వైవాలో ఒకే ఒక్క ప్రశ్న వేశారు.

"మిర్చే ఎందుకమ్మా? పత్తి తీసుకోకూడదా?"

నేను జవాబు మొదలుపెట్టగానే మా గైడు అడ్డుపడ్డారు. "చాల్లేమ్మా, సారుకి రైలు టైమవుతోంది."

అందరూ చప్పట్లు కొట్టారు. డాక్టరునయ్యానన్న సంతోషం కన్నా రోత ఎక్కువ కలిగింది.

తరవాత ఒక ప్రైవేటు కాలేజీలో చేరాను. కొన్నాళ్లకు నేనూ గైడునయ్యాను. నా మొదటి స్కాలరు మా కాలేజీ లెక్చరరే. థీసిస్ పూర్తికాకముందే నా గదికి వచ్చాడు.

"మేడమ్, పరీక్షకుడు గారికి ఏ హోటల్లో రూమ్ తియ్యమంటారండి? గుడికి కూడా తీసుకెళ్లాలంట గదా?"

"అవన్నీ ఎందుకండీ? ముందు మూడో అధ్యాయం మళ్లీ రాయండి. సగం ఎవరిదో ఎత్తి రాశారు."

వినయంగా నమస్కారం పెట్టి వెళ్లాడు. వారం తిరక్కుండా గైడును మార్చుకున్నాడు. డాక్టరేటు వచ్చింది, ఆ వెనకే పరిశోధన విభాగం డీన్ పదవీ వచ్చింది. మొన్న మీటింగులో పరిశోధనలో నిజాయితీ గురించి మా అందరికీ గంటసేపు క్లాసు పీకాడు. టీ వచ్చేదాకా కూర్చుని విన్నాను.